12 ఏళ్ళ లోపు పిల్లలకు ప్రవేశం లేదట - హోటల్ వాళ్ళు ఇలా బోర్డు పెట్టొచ్చా?

రాయగడ_కోడలు · ఆదివారం రాత్రి 9:40

అందరికీ నమస్కారం. ఇవాళ మాకు జరిగింది చెప్పి మీరేమంటారో అడుగుదామని రాస్తున్నాను, కొంచెం పొడుగ్గా ఉంటుంది, ఓపిగ్గా చదవండి.

పొద్దున్న మజ్జిగౌరమ్మ దర్శనానికి వెళ్ళాం. నేను, మా ఆయన, మా అత్తయ్యగారు, నాలుగేళ్ళ బాబు, ఎనిమిది నెలల పాప. ఎండలో లైన్లో నిలబడి దర్శనం అయి బయటికొచ్చేసరికి ఒంటిగంట దాటింది, పాప ఏడ్చి ఏడ్చి సొమ్మసిల్లినట్టు అయిపోయింది. ఊళ్ళో ఈ మధ్యే ఒక కొత్త రెస్టారెంట్ తెరిచారు, పేరు రాయను. ఏసీ ఉంది కదా, పాప కాసేపు పడుకుంటుంది, మేమూ కూర్చుని అన్నం తినొచ్చు అని అక్కడికి వెళ్ళాం. తలుపు దగ్గర కుర్రాడు చెయ్యి అడ్డం పెట్టి గోడ మీద బోర్డు చూపించాడు. ఒడియాలో, ఇంగ్లీషులో ఉంది. మా అత్తయ్యగారిది పార్వతీపురం, ఆవిడకి తెలుగు తప్ప చదవడం రాదు. "ఏటి రాసుందమ్మా, చెప్పులిప్పాలా?" అని అడిగారు. నేను చదివి జవాబు చెప్పేలోపే మా బాబు ఆ మాట విని చెప్పులు విప్పేసి గోడ వారగా వరసలో పెట్టేశాడు, పొద్దున్న గుడి దగ్గర అలాగే చేయించాం కదా. బోర్డు మీద ఉన్నదేమో 12 ఏళ్ళ లోపు పిల్లలకు ప్రవేశం లేదని.

వాడి కాళ్ళకి మళ్ళీ చెప్పులు తొడుగుతుంటే "చెప్పులు విప్పేశాను కదమ్మా, ఇంకా రానివ్వరా" అన్నాడు. నాకు గొంతు పట్టేసింది.

చివరికి బస్టాండ్ దగ్గర టిఫిన్ హోటల్లో కూర్చోడానికి ఖాళీ లేక దోసెలు పార్సిల్ కట్టించుకుని ఆటోలోనే తిన్నాం. పాపకి పాలివ్వడానికి చాటు లేదు, అత్తయ్యగారు కొంగు అడ్డం పట్టుకుని నిలబడ్డారు, ఆ ఎండలో, ఆ వయసులో. మా ఆయన "పోనీలే, వాళ్ళ హోటల్ వాళ్ళిష్టం" అన్నారు. నాకు మాత్రం పోనీలే అనిపించడం లేదు. చట్టం ప్రకారం ఇలా పెట్టొచ్చా? చట్టం సంగతి అలా ఉంచినా, ఇది సబబేనా?

బైపాస్_బావ · ఆదివారం రాత్రి 10:05

చెల్లెమ్మా, మీకు జరిగినదానికి బాధగానే ఉంది, కానీ నేను మా బావగారి మాటే అంటాను. అప్పు తెచ్చి, అద్దె కట్టి, ఇంటీరియర్ చేయించుకుని హోటల్ పెట్టినవాడికి తన హోటల్ ఎలా ఉండాలో అనుకునే హక్కు ఉండాలి. ఊళ్ళో ఇంకా ఇరవై హోటళ్ళున్నాయి. ఒక్కడు పిల్లలు వద్దనుకుంటే ఆ వ్యాపారం పోయేది వాడికే కదా. నేను ఆదివారం ఏ ఫ్యామిలీ హోటల్‌కి వెళ్ళినా పిల్లలు బల్లల కింద దూరడం, వాష్‌బేసిన్ పొంగించడం, టిష్యూ పేపర్లన్నీ లాగి పారెయ్యడం, తల్లిదండ్రులేమో ఫోన్లో రీల్స్ చూస్తూ కూర్చోవడం. చెప్తే "చిన్నపిల్లలండీ" అంటారు. చిన్నపిల్లలే, మరి పెద్దవాళ్ళు మీరున్నారు కదా?

గుణుపురం_టిఫిన్స్ · ఆదివారం రాత్రి 10:50

అమ్మా, నాది గుణుపురంలో చిన్న టిఫిన్ హోటల్. ఎనిమిది బల్లలు. 22 ఏళ్ళ నుంచి నడుపుతున్నాను. నా దగ్గర అలాంటి బోర్డు లేదు, కానీ రెండేళ్ళ కిందట ఒకసారి పెడదామని అనుకున్న మాట నిజం, ఎందుకో చెప్తాను, మీరు రెండో వైపు కూడా వినాలి.

అదీ ఆదివారమే. పొద్దున్న ఎనిమిదిన్నర, ఇడ్లీ వడ మీద రష్ బాగా ఉంది, బయట పదిమంది నిలబడున్నారు. ఐదేళ్ళ గుంటడొకడు బల్లల మధ్య అటూ ఇటూ పరిగెడుతున్నాడు. మా సప్లయర్ కుర్రాడు వంటింట్లోంచి సాంబారు బకెట్ పట్టుకుని వస్తున్నాడు, అప్పుడే పొయ్యి మీంచి దింపింది, పైన నూనె ఇంకా కదులుతోంది. గుంటడు నేరుగా వచ్చి కుర్రాడి మోకాళ్ళకి గుద్దుకున్నాడు. మావాడు ఆ అరక్షణంలో చేసిన పని ఏటంటే బకెట్‌ని తనవైపు వంచుకున్నాడు. గుంటడి మీద చుక్క పడలేదు. మావాడికి ఎడం చెయ్యి మోచేతి దాకా, కడుపు మీద కొంత, తోలు ఊడిపోయింది. నలభై రోజులు పనిలోకి రాలేకపోయాడు, జీతం ఇచ్చాను, మందుల ఖర్చు పెట్టుకున్నాను, అది నా ధర్మం. ఆ పిల్లాడి తండ్రి నాతో అన్న మాట మాత్రం ఇప్పటికీ మర్చిపోలేను. "మీవాడు చూసుకుని నడవాలి కదా" అన్నాడు.

ఆ రాత్రి కౌంటర్ దగ్గర కూర్చుని కాగితం మీద రాశాను, పిల్లల్ని తీసుకురావద్దని. పొద్దున్న చింపేశాను. ఎందుకు చింపానంటే మొదటి బేరం ఒక ముసలాయన, మనవరాలిని బడికి దింపుతూ రెండు ఇడ్లీ పెట్టించడానికి రోజూ వస్తాడు, ఆయనకి ఏ ముఖం పెట్టుకుని ఆ కాగితం చూపిస్తాను? కానీ అమ్మా, ఆ బోర్డు పెట్టిన రాయగడ మనిషిని మాత్రం నేను తిట్టలేను.

జయపురం_వకీలు · సోమవారం ఉదయం 7:15

చట్టం అడిగారు కాబట్టి చెప్తాను. రాజ్యాంగం ఆర్టికల్ 15, రెండో క్లాజు. మతం, జాతి, కులం, లింగం, పుట్టిన చోటు, కేవలం వీటిని బట్టి ఏ పౌరుడినీ దుకాణాల్లోకి, పబ్లిక్ రెస్టారెంట్లలోకి, హోటళ్ళలోకి, వినోద స్థలాల్లోకి రాకుండా ఆపకూడదు. ఇది ప్రభుత్వానికి మాత్రమే కాదు, ప్రైవేటు హోటల్ యజమానికీ వర్తిస్తుంది, మన ప్రాథమిక హక్కుల్లో అలాంటివి కొన్నే ఉన్నాయి. అయితే ఆ జాబితాలో వయసు లేదు. అంటే ఆ బోర్డు ఆర్టికల్ 15 కింద నేరుగా తప్పని చెప్పలేం. మూడో క్లాజు స్త్రీలకు, పిల్లలకు ప్రభుత్వం ప్రత్యేక ఏర్పాట్లు చెయ్యొచ్చంటుంది, చెయ్యొచ్చు అనే అంటుంది, హోటల్ వాళ్ళని చెయ్యమనదు.

బయటి దేశాల్లోనూ ఇంచుమించు ఇదే పరిస్థితి. అమెరికాలో 1964 పౌరహక్కుల చట్టం హోటళ్ళ విషయంలో జాతి, రంగు, మతం, జాతీయ మూలం గురించి చెప్తుంది, వయసు గురించి చెప్పదు. అందుకే న్యూజెర్సీలో నెట్టీస్ హౌస్ ఆఫ్ స్పగెటీ అనే హోటల్ 2023 మార్చి 8 నుంచి పదేళ్ళ లోపు పిల్లలు వద్దని బాహాటంగా ప్రకటించగలిగింది. గోల, ఎత్తు కుర్చీలకి చోటు లేకపోవడం, పిల్లలు పరిగెత్తితే వచ్చే ప్రమాదం అని కారణాలు చెప్పారు. ఇంగ్లండులో 2010 సమానత్వ చట్టంలో వయసు ఉంది, కానీ దుకాణాలు, హోటళ్ళ లాంటి సేవల దగ్గరికొచ్చేసరికి ఆ రక్షణ 18 నిండినవాళ్ళకే.

కాబట్టి అక్కా, కేసు పెట్టడానికి బలమైన ఆధారం లేదు. సబబా అని అడిగారు, అది వేరే ప్రశ్న, దానికి వకీలు అక్కర్లేదు.

రాయగడ_కోడలు · సోమవారం ఉదయం 8:30

వకీలు గారూ, చాలా థాంక్స్. గుణుపురం బాబాయ్ గారూ, మీరు రాసింది మా ఆయనకి కూడా చదివి వినిపించాను. ఆ కుర్రాడి చెయ్యి ఇప్పుడెలా ఉంది?

నాకు ఒక్కటే తట్టింది. మీ హోటల్లో కాలింది పరిగెత్తే పిల్లాడి వల్ల, వాడిని పరిగెత్తనిచ్చిన తండ్రి వల్ల. నా ఒళ్ళో ఉన్న ఎనిమిది నెలల పిల్ల పరిగెత్తలేదు కదా. వద్దనాల్సింది పరుగుని. ఇంట్లో ఎలుకలున్నాయని ఇల్లు తగలబెట్టుకోం.

ఇంకో సంగతి. పిల్లలు వద్దు అని రాస్తే ఆగిపోయేది పిల్లలు ఒక్కరే కాదు. మా ఆయన ఒక్కరే ఆ హోటల్‌కి ఎప్పుడైనా వెళ్ళొచ్చు, స్నేహితులతో వెళ్తారు కూడా. పాలు తాగే పిల్ల ఉన్న నేను వెళ్ళలేను. ఇంకో పదకొండేళ్ళు ఆ తలుపు నాకు మూసేసినట్టే. బోర్డు మీద తల్లి అనే మాట ఎక్కడా ఉండదు, ఆగిపోయేది మాత్రం తల్లే.

సప్లయర్_తమ్ముడు · సోమవారం మధ్యాహ్నం 3:20

నేను సప్లయర్ పని చేస్తాను, మాది రాయగడ దగ్గరే, ఇప్పుడు విశాఖపట్నంలో ఉంటున్నాను. ఇప్పుడే మధ్యాహ్నం రష్ అయ్యాక చదివాను. గుణుపురం అన్నగారి దగ్గర ఆ కుర్రాడు బకెట్ తనవైపు వంచుకున్నాడంటే నాకు ఆశ్చర్యం లేదు, మాలో ఎవరైనా అదే చేస్తారు, ఆ క్షణంలో ఆలోచన ఉండదు.

నేను మాత్రం పిల్లల్ని ఆపమని అనను. పిల్లలు మెతుకులు పడేస్తారు, తుడుస్తాం. గ్లాసు దొర్లిస్తారు, తుడుస్తాం. మమ్మల్ని ఏరా అని పిలిచేది పిల్లలు కాదు. రాత్రి పదిన్నరకి తాగొచ్చి బిల్లు దగ్గర కాలర్ పట్టుకునేది పిల్లలు కాదు. మాకు నిజంగా ఇబ్బంది ఎక్కడంటే రెండు బల్లల మధ్య దారి. ఓనర్లు ఇంకో బల్ల పట్టించాలని దారిని ఒక మనిషి పక్కకి తిరిగి నడిచేంత చేసేస్తారు, అప్పుడు పిల్లాడు కాదు, పెద్దాయన కుర్చీ వెనక్కి జరిపినా సాంబారు ఒలుకుతుంది.

ఇంకొకటి చెప్పాలి. నేను హోటల్ గడప తొక్కింది 2003లో, నాకు అప్పుడు పదకొండేళ్ళు, ప్లేట్లు కడగడానికి. హోటళ్ళలో, దాబాల్లో 14 ఏళ్ళ లోపు పిల్లల్ని పనికి పెట్టుకోకూడదని ప్రభుత్వం ఆర్డరు అమల్లోకి వచ్చింది 2006 అక్టోబర్ 10న, అప్పటికి నాకు ఆ వయసు దాటిపోయింది. పదకొండేళ్ళ పిల్లాడికి ప్రవేశం లేదు అని నన్ను ఆ రోజు ఎవరూ తలుపు దగ్గర ఆపలేదు. ఇప్పుడు తినడానికి వచ్చిన పిల్లాడిని ఆపుతున్నారని చదివితే కడుపులో ఎలాగో అయిపోయింది.

బరంపురం_నైట్‌డ్యూటీ · సోమవారం రాత్రి 8:10

రాయాలా వద్దా అని రెండుసార్లు చెరిపేశాను. నేను బరంపురంలో నర్సుని. అందరూ ఒకవైపే మాట్లాడుతున్నారు కాబట్టి రాస్తున్నాను.

కొన్ని నెలల కిందట పిల్లల వార్డులో నైట్ డ్యూటీ. తెల్లవారుజామున ఒక పాప మా చేతుల్లోనే పోయింది. ఏడింటికి డ్యూటీ దిగి, ఇంటికి వెళ్తే అత్తమామలు, మాటలు, పనులు ఉంటాయని దారిలో ఒక హోటల్లో మూల బల్ల దగ్గర కూర్చుని కాఫీ, ఉప్మా చెప్పాను. ఒక్క పావుగంట ఎవరూ నాతో ఏమీ మాట్లాడకుండా కూర్చోవాలనిపించింది. పక్క బల్ల దగ్గర ఆ పాప వయసు పిల్లే, ఏడుపు మొదలుపెట్టింది. వాళ్ళమ్మ ఎత్తుకుంది, ఊరుకోబెట్టింది, ఆవిడ తప్పేమీ లేదు, పిల్ల తప్పు అసలే లేదు. నేను ఉప్మా ముట్టకుండా డబ్బులు పెట్టి బయటికొచ్చి రోడ్డు మీద ఏడ్చాను.

పిల్లలంటే ఇష్టం లేనివాళ్ళే అలాంటి చోటు కోరుకుంటారని అనుకోవద్దని చెప్పడానికే ఇది. నాలాంటి వాళ్ళకి ఊళ్ళో ఒక్క చోటు, ఒక్క మూల, ఉండకూడదా? అది అడిగితే తప్పా?

రాయగడ_కోడలు · సోమవారం రాత్రి 8:45

అక్కా, తప్పు కాదు. ఇది చదివాక చాలాసేపు ఏమీ రాయలేకపోయాను. మీకు ఆ మూల ఉండాలి. ఆ మూల ఎలా ఇవ్వాలన్నదే నాకు ఇంకా తెలియడం లేదు.

బడాబజార్_టు_సియోల్ · సోమవారం రాత్రి 11:30

మాది బరంపురం బడాబజార్, చదువు కోసం దక్షిణ కొరియాలో, సియోల్‌లో ఉంటున్నాను. ఈ బోర్డులు ఇక్కడ చాలా మామూలు, నో కిడ్స్ జోన్ అంటారు, కేఫ్ తలుపు మీద చిన్న స్టిక్కర్ ఉంటుంది. గుణుపురం బాబాయ్ చెప్పిన లాంటిదే ఇక్కడా ఉంది. బూసాన్‌లో వేడినీళ్ళు పట్టుకెళ్తున్న హోటల్ మనిషికి పదేళ్ళ పిల్లాడు గుద్దుకుంటే ఆ పిల్లాడికి కాలింది, 2013లో కోర్టు హోటల్ వాళ్ళనే నష్టపరిహారం కట్టమంది. పిల్లలు పరిగెత్తితే బాధ్యత మాదే అయితే అసలు రానివ్వకపోతే పోదా అని యజమానులు అనుకున్నారు.

తరవాత జెజు దీవిలో ఒక ఇటాలియన్ రెస్టారెంట్ 13 ఏళ్ళ లోపు పిల్లల్ని ఆపితే ఒక తండ్రి మానవ హక్కుల కమిషన్‌కి ఫిర్యాదు చేశాడు. ఇది వివక్షేనని కమిషన్ 2017లో తేల్చింది. కొంతమంది పిల్లలు ఇబ్బంది పెట్టారని పిల్లలందరినీ ఆపడం న్యాయం కాదన్నది వాళ్ళ మాట, రాయగడ అక్క రాసింది కూడా అదే. కానీ కమిషన్ చెప్పింది సలహా మాత్రమే, పాటించాలని బలవంతం లేదు, బోర్డులు అలాగే ఉన్నాయి. 2023లో ఒక కేఫ్ 60 దాటినవాళ్ళు రావద్దని రాసి పెట్టింది, ఆ ఫొటో దేశమంతా తిరిగింది. మొదట పిల్లలు, తరవాత ముసలివాళ్ళు. అందుకే బావగారు అన్నట్టు ఒక్కడు పెట్టుకుంటే ఏమవుతుంది అని నేను అనుకోలేను. ఒకరిని చూసి ఒకరు పెడతారు, పదేళ్ళు తిరిగేసరికి అది మామూలైపోతుంది. ఒక అమ్మ స్ట్రోలర్ తోసుకుంటూ వచ్చి, స్టిక్కర్ చూసి, ఏమీ అనకుండా వెనక్కి తిరిగి వెళ్ళిపోవడం మా వీధిలోనే చూశాను. అడగను కూడా అడగలేదు, అలవాటైపోయింది.

నర్సు అక్కకి ఒక మాట. 2016లో మన ఇండిగో విమానాల్లో 1 నుంచి 4, 11 నుంచి 14 వరసలు నిశ్శబ్దంగా ఉండాలని 12 ఏళ్ళ లోపు పిల్లలకి ఇవ్వకుండా పెట్టారు. అప్పుడూ గొడవైంది. కానీ పిల్లల్ని విమానం ఎక్కొద్దనలేదు, ఆ వరసలు వద్దన్నారు. జర్మనీలో రూగెన్ దీవి మీద ఒక హోటల్ 2018లో 14 ఏళ్ళ లోపువాళ్ళు సాయంత్రం ఐదు తరవాత వద్దంది, పగలు రావొచ్చు. ఒక మూల, లేదా ఒక గంట. మొత్తం తలుపు మూసెయ్యడానికీ దీనికీ తేడా ఉంది కదా.

పర్లాకిమిడి_మాస్టారు · మంగళవారం ఉదయం 6:20

నాకు 74 ఏళ్ళు, బడిపంతులుగా రిటైరయ్యాను. టైపు చెయ్యడం నెమ్మది, తప్పులుంటే సర్దుకోండి.

హోటల్ తలుపు దగ్గర ఆగడం అనేది నాకు మా తాతతో గుర్తు. నాకు ఆరేడేళ్ళు. సంతకి తీసుకెళ్ళి, నడిచి నడిచి, ఒక కాఫీ హోటల్ దగ్గర ఆగాడు. లోపలికి వెళ్ళలేదు. వెనకాల కిటికీ దగ్గరికి వెళ్ళి నిలబడితే, గూట్లో విడిగా పెట్టిన గ్లాసు తానే తీసుకుని చాపితే, పైనుంచి టీ పోశారు. తాగి కడిగి మళ్ళీ గూట్లో పెట్టాడు. లోపల కుర్చీలు ఖాళీగా ఉన్నాయి, నేను లోపల కూర్చుంటానని మారాం చేశాను. తాత నా చెయ్యి గట్టిగా పట్టుకున్నాడు, ఏమీ చెప్పలేదు. అప్పటికే 1955లో అంటరానితనం నేరాల చట్టం వచ్చింది, హోటల్లోకి రానివ్వకపోవడం, గ్లాసు వేరు పెట్టడం నేరమని. ఆ కిటికీకి ఆ సంగతి తెలియదు.

కోడలమ్మ బాబు చెప్పులు విప్పి పెట్టాడని చదివాక నిద్ర పట్టలేదు. తప్పు తనదేమో అనుకుని సరిదిద్దుకోబోయాడు.

జయపురం_వకీలు · మంగళవారం ఉదయం 9:00

మాస్టారూ, మీకు నమస్కారం. ఒక మాట వినయంగా చెప్తాను. కులం పేరుతో ఆపడం, వయసు పేరుతో ఆపడం ఒక్కటి కాదు. పిల్లాడికి 12 నిండితే ఆ బోర్డు వాడికి వర్తించదు. మీ తాతగారికి ఏ వయసు వచ్చినా ఆ కిటికీయే. మీరు చెప్పిన 1955 చట్టమే తరవాత పౌరహక్కుల పరిరక్షణ చట్టంగా పేరు మారింది, ఇప్పటికీ అమల్లో ఉంది. రెంటినీ ఒక గాటన కడితే మీ తాతగారు పడ్డది తేలికైపోతుందని నా బాధ.

పర్లాకిమిడి_మాస్టారు · మంగళవారం ఉదయం 10:40

బాబూ, మీరన్నది నిజం, రెండూ ఒకటని నేను అనలేదు, అననుకూడా. మా తాత చెయ్యి నా చేతిలో ఉంది కాబట్టి ఆ రోజు నేనూ బయటే ఉన్నాను, అది చెప్పానంతే. తలుపు దగ్గర నిలబడిన పిల్లవాడికి కారణం పెద్దదా చిన్నదా అని తెలియదు. వాడికి తలుపు ఒక్కటే కనపడుతుంది. అందుకని ఆ తలుపు వేసేవాడు రెండుసార్లు ఆలోచించాలి.

బైపాస్_బావ · మంగళవారం మధ్యాహ్నం 1:10

మాస్టారు రాసింది చదివాను. నా మాట పూర్తిగా మార్చుకోను కానీ ఒకటి ఒప్పుకుంటాను, ఊళ్ళో ఇంకా ఇరవై హోటళ్ళున్నాయి కదా అని రాశాను, అది తేలిగ్గా అన్న మాట. ఆ రోజు ఆ ఎండలో కోడలమ్మకి ఖాళీ ఉన్న హోటల్ ఒక్కటే, అది మూసేశారు. అయినా తల్లిదండ్రులు పిల్లల్ని చూసుకోకపోతే యజమాని ఏం చెయ్యాలో ఎవరూ చెప్పలేదు. బిల్లు కట్టే కస్టమర్‌ని లేచి వెళ్ళమని ఏ సప్లయర్ అనగలడు? చెప్పండి. బోర్డు ఉంటే బోర్డు చూపించొచ్చు, లేకపోతే గొడవే.

మా_చిన్నోడి_అమ్మ · మంగళవారం రాత్రి 9:25

బైపాస్ అన్నయ్యా, బోర్డు మీద ఏం రాస్తారన్నదే అసలు విషయం. మా అబ్బాయికి తొమ్మిదేళ్ళు, ఆటిజం ఉంది. వాడు పరిగెత్తడు, కానీ చేతులు ఊపుతాడు, ఒక్కోసారి పెద్దగా ఒకటే శబ్దం చేస్తాడు. "పిల్లల్ని అదుపులో పెట్టుకోండి" అని రాసిన హోటల్లో అందరూ నావైపు చూస్తారు. అదుపు అనే మాట నాకు చెంపదెబ్బలా ఉంటుంది, పెంపకం రాదన్నట్టు.

మేము ఇప్పుడు హోటల్‌కి వెళ్తే పదకొండున్నరకి వెళ్తాం, రష్ మొదలవ్వకముందు. గోడ పక్క బల్ల, ఫ్యాను కింద కాదు, ఫ్యాను చప్పుడు వాడికి పడదు. ఒక హోటల్లో సప్లయర్ మేము రాగానే చెప్పకుండానే ఫ్యాను ఆపి, ముందు పెరుగన్నం తెచ్చి పెట్టేస్తాడు. దాంట్లో సగం తినేసరికి వాడు స్థిమితపడతాడు. ఆ ఒక్క మనిషి వల్ల నెలకోసారి మేము నలుగురం బయట కూర్చుని భోంచేస్తున్నాం. 12 ఏళ్ళ లోపు వద్దు అని బోర్డు పెడితే అదీ పోతుంది. 12 దాటాక మాత్రం మావాడు మారిపోతాడా?

రాయగడ_కోడలు · బుధవారం ఉదయం 11:00

ఇవాళ నేనొక్కదాన్నే ఆ రెస్టారెంట్‌కి వెళ్ళాను, పిల్లల్ని అత్తయ్యగారి దగ్గర ఉంచి. గొడవ పడటానికి కాదు, అడగడానికి. యజమాని మర్యాదగానే మాట్లాడారు. పెళ్ళిరోజులకి, ఆఫీసు వాళ్ళకి ప్రశాంతంగా ఉండే చోటు ఊళ్ళో లేదని పెట్టారట, మొదటి నెలలోనే గాజు బల్ల ఒకటి పిల్లలు పగలగొట్టారట. ఒక గది పిల్లలకి వదలొచ్చు కదా, లేదా మధ్యాహ్నం ఒక రెండు గంటలు రానివ్వొచ్చు కదా అని అడిగాను. చూద్దామన్నారు. తెలుగులో కూడా బోర్డు రాయించమన్నాను, మా అత్తయ్యగారిలా గడప దాకా వచ్చి ఇంకొకరిని అడగాల్సిన అవసరం రాకుండా. దానికి మాత్రం వెంటనే సరే అన్నారు. బోర్డు ఇంకా అక్కడే ఉంది.

గుణుపురం_టిఫిన్స్ · బుధవారం సాయంత్రం 4:35

అమ్మా, ఆ కుర్రాడి గురించి అడిగావు, జవాబు చెప్పడం మర్చిపోయాను. చెయ్యి బాగుంది, మచ్చ ఉంది. నా దగ్గరే ఉన్నాడు, ఇప్పుడు పెనం దగ్గర మాస్టర్.

ఈ నాలుగు రోజులు మీరంతా రాసింది చదివి రెండు పనులు చేశాను. సప్లయర్ తమ్ముడు చెప్పిన దారి మాట గుచ్చుకుంది. నిన్న మధ్యాహ్నం షాపు కట్టాక టేపు పెట్టి కొలిస్తే వంటింటి తలుపు నుంచి మూడో బల్ల దాకా దారి అడుగున్నర కూడా లేదు. ఒక బల్ల తీసేశాను, ఇప్పుడు ఏడు. సాంబారు బకెట్ ఇక హాల్లోకి రాదు, వంటింటి గుమ్మం దగ్గరే గిన్నెల్లో పోసి ట్రేలో తేవాలని చెప్పాను. ఇది రెండేళ్ళ కిందటే చెయ్యాల్సింది, చెయ్యనందుకు బాధగా ఉంది.

రెండోది బోర్డు. బావగారన్నట్టు చూపించడానికి ఒకటి ఉండాలి. పెయింటర్ చేత ఒడియాలోనూ తెలుగులోనూ రాయిస్తాను. ఇలా అనుకున్నాను: "ఇది వేడి సాంబారు వచ్చే దారి. ఇక్కడ పరిగెత్తకండి. పిల్లల్ని అదుపులో ఉంచుకోండి." మా చిన్నోడి అమ్మ రాసింది చదివాక చివరి ముక్క తీసేస్తున్నాను, దాని బదులు ఏం రాయాలో మీరే చెప్పండి.

మా_చిన్నోడి_అమ్మ · బుధవారం సాయంత్రం 5:10

"పిల్లల్ని మీ పక్కనే కూర్చోబెట్టుకోండి" అని రాయండి బాబాయ్ గారూ. అందులో ఎవరినీ అన్నట్టు ఉండదు. "ఏదైనా కావాలంటే సప్లయర్‌ని అడగండి" అని కూడా ఉంటే నాలాంటి వాళ్ళు ఫ్యాను ఆపమని అడగడానికి మొహమాటపడరు.

పర్లాకిమిడి_మాస్టారు · బుధవారం సాయంత్రం 6:30

పరిగెత్తకండి అన్న మాట పెద్ద అక్షరాలతో, పిల్లల కంటికి ఆనే ఎత్తులో రాయించండి. చదవడం వచ్చిన పిల్ల తానే చదివి తమ్ముడికి చెప్తుంది. పెద్దవాళ్ళ ఎత్తులో రాస్తే పెద్దవాళ్ళే చదవరు.

బరంపురం_నైట్‌డ్యూటీ · బుధవారం రాత్రి 7:50

బాబాయ్ గారూ, నాది ఒక చిన్న కోరిక. ఫోన్లో వీడియోలు సౌండ్ పెట్టి చూడొద్దని కూడా రాయించండి, పిల్లలకీ పెద్దలకీ కలిపి. పిల్లల ఏడుపు ఎవరూ ఆపలేరు, అది నేను భరిస్తాను. మూడు బల్లల మీద మూడు ఫోన్లు మోగుతుంటే మాత్రం తల పగిలిపోతుంది. వీలైతే వెనక గోడ వారగా ఒక్కరు కూర్చునే బల్ల ఒకటి.

గుణుపురం_టిఫిన్స్ · బుధవారం రాత్రి 8:20

ఫోన్ సంగతి రాయిస్తానమ్మా. తీసేసిన బల్ల గోడౌన్లోనే ఉంది, దాన్ని సగానికి కోయించి వెనక గోడకి వేయిస్తాను, నువ్వు డ్యూటీ దిగి గుణుపురం దాకా రాలేవు కానీ నీలాంటి వాళ్ళు ఇక్కడా ఉంటారు. పెయింటర్ రేపు పొద్దున్న ఏడింటికి వస్తాడు. ఇంకేమైనా చేర్చాలంటే ఈ రాత్రికే రాయండి.